ఐదో వేలు

వాన తెరిపిచ్చిన తెల్లవారుజామున
గూటి తలుపు తీశాను.
ఒక్క గొంతూ నన్ను తిట్టలేదు.
ఆలస్యమైందని రోజూ తిట్టేవాళ్ళు ఏడుగురు.

ఆరింటిని ఒకే మూలన
ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంది,
పొయ్యి పక్కన ఆరేసిన కట్టెల్లా.
మెడమీద ఈకలు తప్పిస్తే
సూదిమొన గాట్లు రెండు.
నెత్తురు పెద్దగా లేదు.
ఒక్కదాన్నీ తినలేదు. అదే నాకు మింగుడుపడలేదు.
ఆకలితో వచ్చినవాడు ఒకదాన్నైనా
చంకన పెట్టుకుని పోవాలి కదా.

ఏడోది, బూడిదరంగుది, పొదుగుతున్న పెట్ట,
గుడ్లమీద నుంచి లేవనే లేదు.
చూసింది అదొక్కటే.
అడిగాను.
ఒక కన్ను ఇటు తిప్పి
మళ్ళీ మూసుకుంది.

చిలోయే దీవిలో కోడి చస్తే ఇంటింటికీ ఒక పోలీసు.
క్లోరిందా గుమ్మంలోనే నిలబడి, నక్క, అంది.
నక్కైతే మోసుకుపోతుంది గాని
ఇలా పేర్చి పెడుతుందా?
పడవలకు కీలు పూసే ఎలెయుతేరియో
గ్విన్యా అన్నాడు, చుక్కల అడవిపిల్లి,
మెడ పట్టడం దాని పద్ధతేనట.
డేగ అన్నారెవరో. రాత్రిపూట డేగా?
ఎలుకలు. దిష్టి. పోయిన నా మొగుడు.

నేను, కుక్క, అన్నాను.

కుస్తోదియో వాళ్ళ కపితాన్.
పోయినేడు నా పుంజుని తోక పట్టి ఈడ్చింది.
తినకుండా చంపేది కుక్కే, ఆటకి,
అని గట్టిగానే అన్నాను,
కంచె అవతల అతను బంగాళదుంపలు తవ్వుతుండగా.
అతను తల ఎత్తలేదు.
పార ఆగింది.

మర్నాడు పోటు వేళకి
కపితాన్ పడవెక్కింది, తోక ఊపుకుంటూ,
చేపలకే అనుకుని.
చీకటిపడ్డాక పడవ తిరిగొచ్చింది.
అతనొక్కడే దిగాడు.
నేనడగలేదు.

వారం గడిచింది. గూడు వెనక మళ్ళీ తాజా మట్టి.
పలకల సందున కన్నం,
నా పిడికిలి పట్టలేదు.
మనవడు నిబాల్దో, ఆరేళ్ళవాడు,
మోచేతిదాకా చెయ్యి దూర్చి
“నానమ్మా, అవతల చల్లగా ఉంది” అన్నాడు.

కపితాన్ మూతి
నా రెండు పిడికిళ్ళంత ఉండేది.

పెట్టని బుట్టతో సహా వంటింట్లోకి మార్చి
రొట్టెకని దాచిన పిండి జల్లించి
కన్నం ముందు నల్లరేకు మీద పరిచాను,
పక్కన ఒక చేపతల.

పొద్దున చేపతల లేదు.
పిండిలో నా బొటనవేలంత పాదాలు.
పిల్లికి నాలుగు వేళ్ళు, గోరు కనపడదు.
కుక్కకీ నక్కకీ నాలుగే, గోళ్ళతో.
బళ్ళో లెక్కలంటే ఏడ్చే నిబాల్దో
వంగి లెక్కపెట్టి, ఐదు, అన్నాడు.
మళ్ళీ పెట్టమన్నాను.
ఐదు.

మింకు. ఈ గడ్డది కాదు.
ఏ పట్నపు ఆవిడ మెడకో బొచ్చు కావాలని
అవతలి ఒడ్డున బోనుల్లో పెంచేవారట.
కంచె తప్పించుకుని, జలసంధి ఈది,
నా గూటికి దారి కనుక్కుంది.

కాలు జారడం నాకలవాటే ఈ బురద దీవిలో,
లేచి పావడా దులుపుకుంటాను.
నోరు జారాక ఎలా లేస్తారో
ఎవరూ నేర్పలేదు.

రేకుని రెండు చేతులా పట్టుకుని
పిండి చెదరకుండా నడిచాను.
సగం దారిలో వాన.
శాలువా కప్పాను, ఒళ్ళు వంచి గొడుగయ్యాను.
అతని గుమ్మం పక్కన మేకుకి
గొలుసు ఇంకా వేలాడుతోంది.

కుస్తోదియో చెయ్యి తుడుచుకుని
వేలితో ఒక్కొక్కటే తాకకుండా లెక్కపెట్టాడు.
నాలుగు దగ్గర ఆగాడు.
ఐదోది ఉండాల్సిన చోట
చినుకు పడి పిండి ముద్దైంది.

“ఇక్కడ ఇంకోటి ఉండేది” అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు.
పోయిన వారం కూడా
నా మాటే నమ్మాడు.