తిరగేసిన కోటు

మూడు లాంతర్ల దగ్గర సింహాలు మావ కొట్లో
నాది కాజాల పని.
మేక్కి రష్యా పుస్తకం వేలాడేది,
ఏడాది చందా రెండు జాకెట్ల కుట్టుకూలి.
మధ్యలో మడతపెట్టిన కాగితం:
చుక్కల గౌను, గుండ్రటి కాలరు,
రైలు పట్టాల్లా గీతల మీద గీతలు.

ఆ కొలతల్లో మా ఊరి గుంటలు ఇద్దరేసి పట్టేవారు.
మావ సుద్దముక్కతో సగానికి దించి
"మాస్కో మోడల్" అని బోర్డు రాయించాడు.

తర్వాత పుస్తకం రావడం మానేసింది.
పోస్టుమేన్ని అడిగితే
"ఆ దేశమే లేదంట" అన్నాడు, సైకిల్ దిగకుండానే.

ఆ మరుసటేడు, రోహిణి ఎండలో,
ఊరెళ్ళిపోబోయే ఇంజినీరు భార్య ఒకావిడ వచ్చింది.
వైజాగులో నలుగురు దర్జీలు కాదన్నారట.
చంకలో ఉన్ని కోటు,
మోచేతుల దగ్గర అరిగి అద్దంలా మెరుస్తోంది.
అరచెయ్యి బోర్లా పెట్టి, వెల్లకిలా తిప్పింది.
మావకి దుబాసీ అక్కర్లేకపోయింది,
కానిస్టేబుళ్ళ కాలర్లు తిరగేసిన చెయ్యి.

మూడు రాత్రులు కుట్లు విప్పాం.
లోపలి వైపు ఇంకా నీలంగానే ఉంది.
నడుం దగ్గర పాత సూది కన్నాలు,
ఎవరో పెద్దావిడ కొలతవి.
తిరగేసేసరికి కాజాలు
మగాళ్ళ వైపుకి వచ్చేశాయి.

కోటు తీసుకెళ్తూ గోడ మీది గౌను చూసి ఆగింది.
వచ్చీరాని ఇంగ్లీషులో, వేళ్ళతో:
షాపుల్లో ఎప్పుడూ దొరకలేదు,
మేమూ ఈ కాగితం చూసే కుట్టుకున్నాం,
నాది కిటికీ తెరతో.

మావ కూలి పుచ్చుకోలేదు.
పాత బొత్తాలు నాలుగు ఉంచేసుకున్నాడు.
ఇంతింత లావువి.
ఇప్పటికీ నేను కోసే ఏ కాజాలోనూ పట్టవు.