బల్లను అటు జరపాలి

విరాక్ రేడియో నాలుగో నంబరు సిగ్నల్ అని
ఒకసారి దగ్గి, మూగబోయింది.
అప్పటికే పైకప్పు మీదుగా అబాకా తాళ్లు వేసి
కొబ్బరి మొద్దులకు బిగించాం.
తూర్పు ముడి నేను వేస్తే
అత్త సతుర్నీనా విప్పి మళ్లీ వేసింది.

పందిని వంటింట్లోకి తెచ్చాం.
కాసేపు మొహమాటంగా మూల నిలబడి
తర్వాత బియ్యం డబ్బాను ఆనుకుని పడుకుంది,
అద్దె ముందే కట్టినదానిలా.

మెట్లు ఏడు.
టార్చి వేసి లెక్కపెడుతున్నాను.
ఐదు. నాలుగు. మళ్లీ చూస్తే నాలుగే.
మూడు.
ఏరు మా గడప ముందు
చెప్పులు విడుస్తోంది.

గడియ ఊడిపోయాక
తిండిబల్లను తూర్పు తలుపుకి అడ్డంపెట్టి
వీపులానించి కూర్చున్నాం ఇద్దరం.
ఈస్టర్ నుంచి మా మధ్య మాటల్లేవు.
నార అగ్గువకి అమ్మేశానని,
అదీ ఊళ్లోవాళ్లు చెబితే తెలిసిందని.
గాలి తలుపును గుద్దినప్పుడల్లా
ఆమె భుజం నా భుజానికి తగిలేది,
వెనక్కి తీసుకోవడానికి చోటు లేదు.
పడవను మడల్లో కట్టొస్తానని వెళ్లిన
బెనీటో పేరు
ఆమే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రాత్రి రెండింటికి ఆగిపోయింది.
గుక్కపట్టిన పసివాడిలా
లోకం ఊపిరి తియ్యలేదు.
చెవులు నొప్పెట్టాయి.
ఎక్కడో ఒక కోడి తెల్లారిందనుకుంది.
తలుపు తీస్తే చుక్కలు,
ఒక్కటీ కొట్టుకుపోలేదు.

నడుంలోతు నీళ్లలో క్రిసాంతో వచ్చాడు,
నెత్తిన మా సత్తు గిన్నె బోర్లించుకుని.
"మీదేగా? మా కిటికీ దాకా వచ్చింది.
పొడి అగ్గిపుల్లలుంటే నాలుగివ్వండి."
అత్త ప్లాస్టిక్ సంచి విప్పింది.
పదకొండున్నాయి. ఆరిచ్చింది.
"మడల వైపు లాంతరు వెలుగు కనబడింది,"
అన్నాడు వెళ్తూ వెళ్తూ,
"ఎవరిదో తెలీదు."

ఆ మాటను ఎక్కడ దించాలో తెలీక
మోస్తూ నిలబడ్డాం.

అత్త ఆకాశం చూడలేదు.
కొండవైపు చెవి పెట్టి, "ఈసారి పడమట నుంచి," అంది.
ఏడు నెలల తర్వాత నాతో మొదటి మాట.
"బల్లను అటు జరపాలి. ఆ కాలు వదులు,
నువ్వు పట్టకు, నేను పడతా."

ఎత్తాం. పంది మీంచి దాటించాం.
అది ఒక కన్ను తెరిచి మూసింది.
కొండ అవతల ఎవరో
పెద్ద చాప చుడుతున్న చప్పుడు,
దగ్గరవుతూ.

"పడమటి ముడి నువ్వేసిందే,"
అంది బల్లకి వీపానిస్తూ,
"నేను ముట్టుకోలేదు."

టార్చి వేశాను.
రెండు.