జాతీయత గడి

మద్దిలపాలెం సందులో నా జిరాక్సు కొట్టు.
కరెంటు పోయింది. మెషీను చల్లారుతోంది.
సఖీదాద్ ఇంకా ఆ ఒక్క గడి దగ్గరే ఉన్నాడు:
జాతీయత.

"రాసీ బాబూ, ఆఫ్ఘనే కదేటి" అన్నాను.

నవ్వాడు. నాలుగేళ్ల యూనివర్సిటీ తెలుగు,
ళ ఇప్పటికీ పలకదు.
"మా తాతని అడిగితే అది ఆయన పేరు కాదక్కా,
కొండకవతలి పష్తూన్‌ల పేరు.
మేము హజారాలం.
కాగితాలొచ్చాక అందరికీ అదే చొక్కా."

గుర్రాల మాటా అతనే చెప్పాడు:
అశ్వకులనే పాత సంస్కృతం
నోళ్లలో అరిగీ అరిగీ ఇలా మిగిలిందని
కొందరు పండితుల ఊహట.
"నిజమేనా?"
"ఎవరు చూశారు? మా ఇంట్లో ఉండేది గాడిద."

మా ఊరి పేరు మాత్రం తేలిందా ఏం?
ఒకరు చుక్క పేరంటారు,
ఒకరు సముద్రం మింగిన గుడిలో సామి పేరంటారు.
మా అమ్మ గంప దించే చివరి రోజు దాకా
వాల్తేరనే అంది.

అప్పుడు హార్బరు వైపు నించి ఓడ కూత.
పొడుగ్గా, ఆగి, మళ్లీ.
పెన్ను పైకెత్తాడు.
"మా ఫారసీలో ఆ మాటకి ఇంకో అర్థముంది. ఇదే."
"ఓడా?"
"కాదు. ఏడుపు."

కరెంటొచ్చింది.
మెషీను వేడెక్కేదాకా ఇద్దరం ఊరుకున్నాం.
ఇరికించి రాశాడు,
ఆఖరి అక్షరం గీత దాటింది.

రెండు కాపీలు, నాలుగు రూపాయలు.
మొదట తీసింది నల్లగా వచ్చింది, పనికిరాదు.
అది ఇంకా సొరుగులోనే ఉంది.