ఆరువందల యాభై అయిదు

యూరో అంటే ఆరువందల యాభై అయిదు ఫ్రాంకులు.
ఆ పైన దశాంశాలు కూడా ఉన్నాయి గాని
నా దగ్గర దశాంశాలు ఎక్కువసేపు నిలవవు.

టురిన్‌లో దిగిన మొదటి వారం
కాఫీ కొట్టు అద్దం ముందు నిలబడి గుణించాను.
గుక్కెడు కాఫీ ధరకి
బఫుసాంలో ఇద్దరికి గింజల కూర, వేడి పునుగులు,
పైన నంజుకోడానికి కారం.
వాసన పీల్చుకుని వచ్చేశాను.
వాసనకింకా ధర కట్టలేదు వీళ్ళు.

శనివారం పోర్టా పలాజ్జో సంతకి
పొద్దు వాలితే గాని వెళ్ళం.
గుడారాలు దించే వేళకి
తక్కెడ మావైపు మొగ్గుతుంది.
పెట్టెడు వంకాయలు ఒక్క యూరో,
అరటిపళ్ళు మచ్చలకొద్దీ చవక.
మొరాకో ముసలాయన నలిగిన టమాటాలు పక్కకి తీసి
"ఇవి చదువుకునేవాళ్ళకి" అంటాడు.
మెచ్చుకోలో వెక్కిరింపో
ఇప్పటికీ తేల్చుకోలేదు. టమాటాలు మాత్రం తెచ్చుకుంటాం.

నాలుగో అంతస్తు, రెండు గదులు, నలుగురం.
హీటరు మీట మిరెయ్ చేతిలో.
"ఇంకో సాక్సు తొడుక్కో" అన్నదే
ఆ ఇంట్లో మా రాజ్యాంగం.

పరీక్ష పుస్తకం అరవై రెండు యూరోలు.
నేను గుణించలేదు, గుణించడానికి భయమేసింది.
లైబ్రరీలో ఉన్నది ఒకటే ప్రతి, గడప దాటనివ్వరు.
పగలంతా వాంబో చదివొచ్చి
రాత్రి నూకలు ఉడికేలోపు నోటితో అప్పజెప్పేవాడు.
గొట్టంలో నీళ్ళు ఎందుకు వడిగా పారతాయో
నేనలా వంటింట్లో విన్నాను,
మా గొట్టంలో వేడినీళ్ళు రాని రాత్రుల్లో.

దొనాసియెన్ నలభై రోజులు నడిచాడు.
వాన, మంచు, చెప్పు అడుగున అట్టముక్క.
నలభై ఒకటో రోజు జ్వరంతో ట్రామెక్కాడు, టికెట్ లేకుండా.
నలభై రోజుల నడకా
జరిమానాలో పోయింది.
ఆ రాత్రి ఎవరూ నీతులు చెప్పలేదు.
అతని కంచంలో ఇంకో గుడ్డు వేశాం.

నెలలో మొదటి ఆదివారం చీటీ.
పదకొండుమందిమి, తలకి యాభై.
పాట లేదు, కాగితం లేదు, జామీను లేదు.
మాట తప్పినవాడి పేరు
వాడి ఫోను కంటే ముందే
వాడి మేనత్త దగ్గరికి చేరుతుంది. అదే జామీను.
లెక్కల పుస్తకం నా దగ్గర.
జనవరిలో నా వంతు. కోటు కొనుక్కుందామనుకున్నాను.
మిరెయ్ పర్మిట్ గడువు కూడా జనవరిలోనే.
పేర్లు అటూ ఇటూ మార్చి రాశాను, అంతే.
ఒక గీత, ఒక బాణం గుర్తు.

మార్చిలో డబ్బు చేతికొచ్చేసరికి
చలి వెళ్ళిపోయింది.
కోటు ఖర్చు తప్పింది.
ఓర్చుకున్నదాన్ని ఏ పద్దు కింద రాయాలో
ఆ పుస్తకంలో గడి లేదు.

ఫీజు కట్టి వస్తూ
ఆ కొట్లోకే వెళ్ళాను. నిలబడి తాగితే చవక.
చేదుగా, చిన్నగా, మూడు గుక్కల్లో అయిపోయింది.
వంతెన దాకా వచ్చాక తట్టింది
గుణించలేదని.

తాళంచెవి మరిచినట్టు
జేబులన్నీ తడుముకున్నాను.
ఎప్పటినుంచి మానేశాను?
నిన్న రొట్టె కొన్నప్పుడు? మొన్న సబ్బు?
వంతెన మీదే నిలబడి వెనక్కి లెక్కేశాను.
ఏడువందల ఎనభై ఆరు.
అంకె వచ్చింది గాని
దాని వెనక పునుగులు రాలేదు.

రాత్రి పుస్తకం తెరిచి
'కాఫీ' అని రాసి ఆగిపోయాను,
పక్కన ఏ దేశపు అంకె వేయాలో తోచక.

మిరెయ్ పక్కమీంచి కసిరింది:
"రాసుకోవాలంటే లైటార్పి కిటికీ దగ్గరికి పో.
వీధి దీపానికి బిల్లు మనది కాదు."

వెళ్ళాను.
వెలుతురు బాగానే ఉంది.