మైనస్ పన్నెండు

శనివారం రాత్రే బియ్యం ఓడిపోయింది.
నెల్లూరు మొలగొలుకులు. ఎంత ఉడికించినా
భాగాలు పంచుకున్న అన్నదమ్ముల్లా
ఏ మెతుకుకా మెతుకు విడిగానే నిలబడింది.
షమీమ్ గంజి వార్చకుండా, గరిటెతో మెదిపి,
వెనిగరు చల్లి, అట్టముక్కతో విసిరి
ఆఖరికి ముద్ద చేసింది.
"ఇంక చేప" అంది.

ఇద్దరం రొయ్యల ప్లాంటు ల్యాబులో పని.
తెల్లకోటు, తలకు టోపీ, మోకాళ్లదాకా బూట్లు.
రోజూ వందల పెట్టెల మీద
మాకు చదవరాని అక్షరాలు,
పిచ్చుక గూటి పుల్లల్లా అడ్డంగా, నిలువుగా.
"మన చేతుల్లోంచి పోయేదాన్ని
ఆ అక్షరాలవాళ్లు ఎట్టా తింటారో
ఒక్కసారన్నా చూడాల మే" అంది షమీమ్.
అంతే. పుట్టినరోజు కూడా కాదు.

ఆదివారం ఎనిమిదింటికి కావలి మార్కెట్లో
సెల్లమ్మ గంప ముందు కూచున్నాం.
తుమ్మలపెంట నుంచి ఆటోలో వచ్చిన వంజరం,
ఏదో చెప్పబోతూ ఆగిపోయినట్టు నోరు తెరిచి.
షమీమ్ మొప్ప ఎత్తింది: ఎరుపు.
నేను కన్ను చూశాను: ఉబ్బెత్తు.
వేలితో నొక్కితే గుంట నిలవలేదు.
వాసన సముద్రానిదే.
మా లెక్కలో నాలుగు టిక్కులు.
ఐదో గడి ఖాళీ:
వలలోంచి గంపలోకి ఎన్ని గంటలు, ఎంత ఎండ?

"రాత్రి పట్టింది తల్లే. ఐసు రెండుసార్లు మార్చినా."
"పచ్చిగా తినచ్చా?"

సెల్లమ్మ కత్తిపీట మీంచి చెయ్యి తీసింది.
పక్క గంపామె నవ్వింది.
"పులుసుకైతే నాది పూచీ.
పచ్చికి పూచీ పడను,
ఇప్పుడే ఒడ్డెక్కిందైనా సరే."
పొలుసు గీకుతూ, గీకుతూ, మమ్మల్ని చూడకుండా,
"మా నాయన తిన్నాడు" అంది.
"తుపానుకి తెప్ప దారి తప్పి మూడు దినాలు.
నిప్పు ల్యా. తాగను నీళ్లు ల్యా.
బతికొచ్చినాడు.
ఆ తర్వాత ముక్క ఎంత ఉడికినా
'ఇంకొంచెం మే, ఇంకొంచెం' అనేవాడు మా అమ్మతో,
దాక అడుగంటేదాకా."

తెలియక కాదు. తెలిసినందుకే మాకు జీతం.
పచ్చిగా తినాలంటే
మైనస్ ఇరవైలో ఏడు రోజులుండాలి చేప.
పురుగు చస్తుంది.
సూక్ష్మజీవి చావదు, దుప్పటి కప్పుకుంటుంది.
ప్లాంటు నుంచి ఒక్క రాత్రికి తెచ్చిన థర్మామీటరు
మా అద్దెగది ఫ్రిజ్‌లో
మైనస్ పన్నెండు దగ్గర ఆయాసపడి ఆగింది.
అయినా ఉంచాం.
బుధవారం మధ్యాహ్నమంతా కరెంటు లేదు.
సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా మూత కింద చెమట.
లెక్క మళ్లీ ఒకటి నుంచా, ఇక్కడితో సరా,
షమీమ్ అడగలేదు, నేను చెప్పలేదు.

దూరం పోయే పెట్టెకి
గంటగంటకీ జ్వరం చూస్తాం.
మా నోట్లోకొచ్చే ముక్కకి
సెల్లమ్మ బొటనవేలే ల్యాబు,
చింతపండే సంతకం.
ఇది కోపంగా అనాలనుకున్నాను.
ఆకలేసి ఊరుకున్నాను.

మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టాం.
చేప కాస్త మెత్తబడింది, అబద్ధమెందుకు,
తెచ్చిన రోజే వండుంటే ఇంకా బాగుండేది.
మూడువందలు పోసి తెప్పించిన నల్లటి నాచు కాగితాన్ని
షమీమ్ మంట మీద ఆడించింది, అప్పడంలా.
కరకరలాడింది. ఉప్పగా, బాగుంది.
"ఇదొక్కటి నేర్చుకున్నాం వాళ్ల దగ్గర" అంది.

గరిటె మీద ముక్క తీసి ఊది చూసింది.
"దించేదా?"
"ఇంకొంచెం మే" అన్నాను.
అన్నాక, ఆ మాట నాది కాదనిపించింది.
కిటికీ బయట గాలి తూర్పు నుంచి వీస్తోంది.
షమీమ్ మంట తగ్గించి
మళ్లీ మూత పెట్టింది.