చింతపండు

జుమ్మేరాత్ బజార్‌కి ఆరున్నరకే చేరాలి,
ఏడు దాటితే చార్‌కమాన్ సేట్లు దిగుతారు.
నా జేబులో పదింతల భూతద్దం, అరచేతి త్రాసు,
చిన్న అయస్కాంతం. వెండి దాన్ని పలకరించదు.
దొంగ నాణెమే ఎగిరొచ్చి హత్తుకుంటుంది.

పోయిన గురువారం
బాలమణి తాళంచెవుల కుప్పలో, విరిగిన గరిటెల కింద
ఒక డాలరు.
పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది.
ఇరవై ఆరున్నర గ్రాముల పైచిలుకు.
నల్లగా ఉంది. నల్లగా అంటే,
అంచున నేరేడు పండు, లోపలికి నెమలి మెడ,
ఆ దొరసాని చెంప మీద పాత తేనె.
ముందు అరిగేది చెవి పైన జుట్టు. అరగలేదు.
ఆ తర్వాత గద్ద రొమ్ము. ఈకకి ఈక లెక్కపెట్టొచ్చు.
ఎండకి వంచితే
వెలుగు బండిచక్రంలా ఒక చుట్టు తిరిగింది.
అరవై నాలుగు, అనుకున్నాను.
బయటికి అనలేదు. బేరమాడేవాడు మెచ్చుకోకూడదు.
"మైల పట్టింది" అన్నాను పెదవి విరిచి,
"వచ్చే వారం చూద్దాంలే."

ఈ గురువారం
కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టింది.
"మైలన్నరు గద సారూ.
రాత్రి చింతపండేసి తోమిన,
ఇంత ముగ్గుపిండేసి మల్ల తోమిన.
సూడుండ్రి, ఎట్ల మెరుస్తుందో."
పులుపుకి ఆమె బొటనవేలు పగిలి ఉంది.

సున్నం కొట్టిన గోడ.
భూతద్దం కింద గీతలు, వేల గీతలు,
అన్నీ గుండ్రంగా, అన్నీ ఒకే వైపుకి,
ఆమె చెయ్యి తిరిగిన దారి.
ఎంత వంచినా
బండిచక్రం కదల్లేదు.
నూట ముప్పై ఏళ్లు గాలి పట్టించిన రంగు
నా ఒక్క మాటకి కడుక్కుపోయింది.

చెబుదామని నోరు తెరిచాను.
"మంచిగైందా?" అంది.
"అయింది" అన్నాను.
అడిగినంతా ఇచ్చాను, ఆమే అనుమానంగా
నోట్లు రెండోసారి లెక్కపెట్టుకుంది.

ఇంటికొచ్చి కాగితం కవరు మీద
ఏడాది రాశాను, బరువు రాశాను.
గ్రేడు గడిలో "తోమినది" అని రాయాలి, పద్ధతి అది.
ఎవరు తోమించారో రాయడానికి
గడి లేదు.

బుధవారం రాత్రి ఫోను.
"ఇంకో మూడు దొరికినయ్ సారూ, అసుంటియే.
మీరేం పరేషాన్ గాకుండ్రి,
ఇప్పుడే నానబెట్టిన."