మూడో డిస్కు

పెండ్లిది మూడు డిస్కులు.
మొదటి రెండు మంచిగనే నడుస్తయి.
మూడోది అప్పగింతలకు ముందు, బంతి భోజనాల కాడ
ఆగుతది.
ఐలయ్య స్టూడియో, చండూరు అని
పైన నీలి అక్షరాలు అట్లనే ఉన్నయి.
ఆ పక్క గీత పడితే ఏ మందూ లేదు.
కింద పడ్డది,
బతికినం అనుకున్న.

గోరువెచ్చటి నీళ్లు, సబ్బు చుక్క,
పాత బనీను ముక్క.
గుండ్రంగ తుడవొద్దు.
నడిమి బొక్క నుంచి అంచుదాక,
సైకిలు చక్రానికి పుల్లలున్నట్టు,
ఒక్కో పుల్లకు ఒక్కోసారి.
వెలుతురుకు పట్టి చూస్తే
సింగిడి రంగులల్ల మా ఇంటి దూలాలు, నా ముక్కు,
స్కేలు పెట్టి కొట్టినట్టు నాలుగు గీతలు.

ఇగ తెల్ల పేస్టు, బఠానీ గింజంత.
రంగుది జారుతది గానీ రాపిడి ఉండదు.
వేలికి తీసుకుంటుంటే నవ్వొచ్చింది.
చిన్నప్పుడు ఇదే పేస్టు
పొద్దున రెండుసార్లు, మాపున రెండుసార్లు
పండ్ల మీది గోధుమ గీతలు పోవాలని రుద్దినం,
నేనూ, చిన్నక్క అండాలూ.
బొగ్గు పెట్టినం, ఇటుక పొడి పెట్టినం.
చిగుళ్ల నెత్తురొచ్చింది గానీ
మర్రిగూడ బోరు నీళ్లు గీసిన గీత
ఒక్కటన్న పోలే.

పెండ్లి మొత్తంల అక్క ఉంటది,
నోటికి చెయ్యి అడ్డం.
కొంగు అడ్డం. విస్తరాకు అడ్డం.
ఆఖరికి తాంబూలం పళ్లెం అడ్డం.
లైటు ఇటు తిరిగిందంటే చాలు.
ఒక్క కాడ మాత్రం, పప్పు వడ్డిస్తుంటే
బంతిల కూసున్న బావ ఏదో అన్నడు.
ఒక చేతిల బకెట్టు, ఇంకో చేతిల గంటె,
అడ్డం పెట్టుకోను మూడో చెయ్యి లేదు.
నవ్వింది.
నాకు యాదికున్నది.
డిస్కుకే లేదు.

రుద్దిన, కడిగిన, ఆరబెట్టి ఏసిన.
మూడోసారికి
ప్లేయరు గురగురమని గుక్క తిప్పుకున్నది.
బకెట్టు కనబడ్డది. గంటె లేసింది.
మొఖం కాడికొచ్చేసరికి
బొమ్మ చదరాలు చదరాలైంది.
శబ్దం మాత్రం వచ్చింది,
సగం నవ్వు,
ఎనుకనే ఎవరిదో "అయ్యో పప్పు, పప్పు!"

ఎప్పుడొచ్చి నిలబడ్డదో అక్క.
"ఎన్నిసార్లు రుద్దినవ్?"
మూడు.
"పిన్నీసుతోని గీకిన. నేనే.
అది యాడున్నదో తెల్వక
ఒకటి గీకి ఏసి చూసిన, నడిచింది.
ఇంకోటి గీకిన.
నాలుగోదానికి ఆగింది."

ఇన్నేండ్లు పిల్లల మీదికి తోసినం,
ఎలుకల మీదికి తోసినం,
పాపం ఐలయ్యను గూడ తిట్టినం.
నేనేం అనలే.
టీవీల చదరాలు అట్లనే ఉన్నయి.

అక్క చాప మీద కూసున్నది.
పేస్టు ట్యూబును అడుగు నుంచి మడిచి
ఒత్తింది, అయిపోయిందనుకున్నదాంట్లకెల్లి
ఇంకింత వచ్చింది.
"ఆ బనీను గుడ్డ ఇటియ్యి," అన్నది,
"ఎంత లోతు గీకిన్నో
నాకెరుక."